అప్పూ ఘర్: తెరిచిన కొత్తలో మొదలుపెట్టి మూసేదాకా వాడినవాళ్ళ రివ్యూ

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర తగ్గించింది ఎండ వల్ల. మే నెల మధ్యాహ్నం ఢిల్లీలో ఆరుబయట ఇనుము ఏది ముట్టుకున్నా చెయ్యి కాలుతుంది. పార్కు ఎంత బాగా నడిపినా ఆ వేళకి అది పనికిరాదు. అక్టోబరు నుంచి మార్చి దాకా మాత్రం పిల్లల్ని తీసుకుని ఒక సాయంత్రం గడపడానికి ఆ ఊళ్ళో అంతకంటే మంచి చోటు నాకు అప్పుడూ దొరకలేదు, ఇప్పుడూ దొరకలేదు.

ఢిల్లీలో ప్రదర్శనలు జరిగే ప్రగతి మైదాన్‌లోని ఈ ఎమ్యూజ్‌మెంట్ పార్కు, అప్పూ ఘర్, 2008 ఫిబ్రవరి 17న మూతపడింది. ఈ రివ్యూ చదివి టికెట్ కొనే అవకాశం ఎవరికీ లేదు. అయినా రాయడానికి కారణం ఉంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు పెద్ద ఊరు ఏదైనా సరే శివార్లలో ఒక ఎమ్యూజ్‌మెంట్ పార్కు వస్తోంది. వాటిని కట్టేవాళ్ళూ, వాటికి పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళూ ఈ పాత పార్కు ఎలా నడిచిందో తెలుసుకుంటే మంచిదని నా నమ్మకం. ఇంకో సంగతి, ఢిల్లీలో పెరిగిన తెలుగువాళ్ళం నలుగురం కలిస్తే ఆంధ్రా భవన్ భోజనం ముచ్చట అయిపోగానే వచ్చే పేరు ఇదే. దాని గురించి తెలుగులో కాస్త వివరంగా ఒకచోట ఉండాలనిపించింది.

మాది హన్మకొండ. మా బాపుది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, సరోజినీ నగర్ క్వార్టర్లలో పెరిగాం. చిన్నపిల్లగా బాపు వేలు పట్టుకుని, కాలేజీ రోజుల్లో స్నేహితురాళ్ళతో, ఆ తర్వాత మా అబ్బాయిని ఎత్తుకుని, ఇలా మూడు వయసుల్లో ఆ పార్కుకి వెళ్ళాను. ఒకే చోటు ముగ్గురు వేరువేరు మనుషులకి ఎలా పనికొచ్చిందో చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు చరిత్ర. 1982 నవంబర్ 19 నుంచి డిసెంబర్ 4 వరకు ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాయి. కొత్త స్టేడియాలు, ఫ్లైఓవర్లు, మన దేశంలో కలర్ టీవీ, అన్నీ ఆ ఆటల పేరుతోనే వచ్చాయి. ఆటల గుర్తు అప్పు అనే ఏనుగు పిల్ల. దాని వెనక ఒక నిజమైన ఏనుగు ఉంది, కేరళకు చెందిన కుట్టినారాయణన్. ఏడేళ్ళ వయసులో అది సెప్టిక్ ట్యాంకులో కాలు పడి విరగ్గొట్టుకుంది. ఆ గాయం పూర్తిగా మానలేదు. 2005 మేలో చనిపోయింది. దేశంలోని పిల్లలందరూ నోట్‌బుక్కుల అట్టల మీద ఆ నవ్వే ఏనుగు బొమ్మ వేసుకుంటున్న రోజుల్లో అసలు ఏనుగు కుంటుతూ బతికిందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. తెలిసిన రోజు చాలా బాధపడ్డాను.

ఆటలు మొదలైన రోజుకి సరిగ్గా రెండేళ్ళకి, 1984 నవంబర్ 19న అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ అప్పూ ఘర్‌ను ప్రారంభించారు. అది ఇందిరా గాంధీ పుట్టినరోజు. ఆమె హత్య జరిగి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. నవంబర్ మొదటి రోజుల్లో ఊళ్ళో సిక్కుల మీద సాగిన మారణకాండ ఇంకా ఎవరి కళ్ళలోంచీ పోలేదు. పార్కు గురించి రాసేవాళ్ళు ప్రారంభోత్సవం తేదీ చెప్పి ముందుకు పోతారు. నాకు మాత్రం ఆ రెండూ విడివిడిగా గుర్తు రావు. మా కింది వాటాలో ఒక సర్దార్జీ కుటుంబం ఉండేది. ఆ నవంబర్‌లో కొన్నాళ్ళు వాళ్ళ పిల్లలు గుమ్మం దాటలేదు. మరుసటి ఏడాది చలికాలంలో మేము మొదటిసారి అప్పూ ఘర్‌కి వెళ్ళింది వాళ్ళతో కలిసే. వాళ్ళమ్మ బస్టాపులో నిలబడి కొడుకు జుట్టు ముడి మీది తెల్ల గుడ్డను రెండుసార్లు విప్పి కట్టింది. గాలికి జారుతుందని ఆమె భయం. లోపలికి వెళ్ళాక ఆ పిల్లవాడు ఎంత గట్టిగా అరిచాడంటే వాళ్ళ నాన్న పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పార్కు ఆ ఏడాది ఆ ఊరికి ఎంత అవసరమో పెద్దలకి తెలిసే ఉంటుంది.

ఇక పార్కు ఎక్కడుండేదో చెప్పాలి, ఎందుకంటే నేనిచ్చే మార్కుల్లో సగం దానికే. ఐటీఓ కూడలి దాటి మథురా రోడ్డు మీద దక్షిణంగా వస్తే కుడివైపు సుప్రీంకోర్టు, ఎడమవైపు ప్రగతి మైదాన్. ఆ మైదానానికి ఉత్తరం కొసన, కోర్టుకి దాదాపు ఎదురుగా, 15 ఎకరాల పైచిలుకు జాగాలో ఉండేది అప్పూ ఘర్. తిలక్ బ్రిడ్జి స్టేషను నడక దూరం. ఊరికి నాలుగు మూలల నుంచీ వచ్చే బస్సుల్లో చాలావరకు ఐటీఓ మీదుగానే పోయేవి. షాదరా నుంచి వచ్చేవాళ్ళకీ ఒకే బస్సు, మాకూ ఒకే బస్సు. కొంచెం కిందికి వస్తే మట్కా పీర్ దర్గా, జనం మొక్కు తీరిందని చెట్ల కొమ్మలకి కుండలు కట్టే చోటు. ఇంకా దిగితే పురానా ఖిలా, జూ. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ మార్గంలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వారి స్కూలు. 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పూనుకుని పెట్టిన సంస్థ అది. అక్కడ చదివిన మా చిన్నమ్మ పిల్లలకి అప్పూ ఘర్ గేటు ఇంటి వాకిలంత దగ్గర. ఊరి నడిబొడ్డున, ప్రభుత్వ భూమిలో, మంత్రుల కార్లు తిరిగే రోడ్డు పక్కన పిల్లల ఆటస్థలం! ఇప్పుడు ఏ నగరంలోనైనా అలాంటి జాగా ఆటలకి ఇస్తారా?

ప్రగతి మైదాన్‌లో ఏటా నవంబర్ 14 నుంచి 27 దాకా జరిగే ట్రేడ్ ఫెయిర్ తెలుగువాళ్ళకి ఒక పండగ. ఆంధ్రప్రదేశ్ పెవిలియన్‌లో పెంబర్తి ఇత్తడి సామాను, నిర్మల్ బొమ్మలు, పోచంపల్లి చీరలు. మా అమ్మ అక్కడికి వెళ్ళి చీరలు అడగడం కంటే తెలుగులో బేరమాడే సుఖం కోసం ఎక్కువసేపు నిలబడేది. పిల్లల్ని అక్కడ ఓపిగ్గా ఉంచాలంటే ఒకటే మాట, “గొడవ చేయకుంటే అప్పూ ఘర్‌కి పోదాం.” ఆ మాట బాపు ఎప్పుడూ నిలబెట్టుకున్నాడు.

ఎలా నిలబెట్టుకోగలిగాడన్నదే నేను ఈ రివ్యూలో అందరికంటే ఎక్కువగా చెప్పాలనుకున్నది. లోపలికి వెళ్ళడానికి ఒక చిన్న టికెట్, ఎక్కే రైడుకి విడిగా ఇంకో టికెట్. నాంపల్లి నుమాయిష్‌కి వెళ్ళినవాళ్ళకి ఈ పద్ధతి కొత్త కాదు. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో అడుగు పెట్టడానికి ఒక రేటు, జాయింట్ వీల్ ఎక్కితే ఆ డబ్బు వేరు. దీనివల్ల ఏం జరుగుతుందంటే, నెలాఖరులో జేబులో తక్కువ ఉన్నా ఇంటిల్లిపాదీ లోపలికి పోవచ్చు. అమ్మ, నానమ్మ, చంటిపిల్ల రైడ్లు ఎక్కరు కాబట్టి వాళ్ళ ఖర్చు గేటు దగ్గరే ఆగిపోతుంది. మాకు తలా రెండు రైడ్లని బాపు ముందే చెప్పేవాడు. ఆ రెండు ఏవో తేల్చుకోవడానికి మేము పార్కంతా ఒక చుట్టు తిరిగేవాళ్ళం, ఎక్కినవాళ్ళ మొహాలు చూసేవాళ్ళం, దిగినవాళ్ళని అడిగేవాళ్ళం. తమ్ముడు ఒకసారి కొలంబస్ అనే ఊగే పడవ దగ్గర నిలబడి చూసి చూసి, చివరికి టికెట్ డాషింగ్ కార్లకి తీసుకున్నాడు. ఆ చూడటం కూడా ఆటే. ఎక్కని రైడు ముందు నిలబడి కూడా సంతోషపడొచ్చని పిల్లలకి తెలిసేది.

ఈమధ్య ఒక నగరం అంచున ఉన్న కొత్త పార్కుకి మా అక్క కుటుంబంతో వెళ్ళాం. పేరు అనవసరం, ఈ పద్ధతి ఇప్పుడు చాలాచోట్ల ఉంది. గేటు దగ్గరే తలకింత అని రోజంతటికీ ఒకే టికెట్. డెబ్బై దాటిన మా అమ్మ ఒక్క రైడూ ఎక్కదని తెలిసినా ఆమెకీ టికెట్ కొనాల్సిందే. సంచిలోని సకినాల డబ్బా బయట పెట్టించారు. లోపల పిల్లలు డబ్బులు గిట్టాలని ఒక రైడు దిగి ఇంకోదానికి పరుగెత్తారు. మధ్యాహ్నానికి ఇద్దరికి వాంతులు. ఎక్కిన రైడ్లలో ఏది నచ్చిందని సాయంత్రం అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. రైడ్లు గొప్పవే, ఆ మాట కాదనను. కానీ ఆ టికెట్ పద్ధతిలో పెద్దవాళ్ళకి చోటు లేదు, తక్కువ డబ్బున్నవాళ్ళకి అసలే లేదు. పార్కు నడిపేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే నా ఒక్క విన్నపం, లోపలికి రావడానికీ రైడు ఎక్కడానికీ టికెట్లు విడదీయండి. కావాలంటే రెండోది కొంచెం పెంచుకోండి.

రైడ్ల సంగతికి వస్తాను. జాయింట్ వీల్, కొలంబస్ పడవ, డాషింగ్ కార్లు, రోలర్ కోస్టర్, భూత్ బంగ్లా, చిన్నపిల్లల రైలు, ఇవే మా లోకం. భూత్ బంగ్లా గురించి ఎక్కువ చెప్పను, మూడోసారికే ఏది ఎక్కడినుంచి దూకుతుందో తెలిసిపోతుంది. పిల్లలకి మాత్రం చీకటే చాలు.

కొలంబస్ నాకు ఇష్టం. అటూ ఇటూ ఊగే పెద్ద పడవ. ఎదురెదురుగా మొహాలు పెట్టుకుని జనం కూర్చుంటారు. ఈ పడవలు ఎలా ఊగుతాయో కాలేజీలో చేరాక గానీ నేను పట్టించుకోలేదు. పడవ అడుగు వంపుగా ఉంటుంది, దాని కింద నేలలో మోటారుతో తిరిగే రబ్బరు చక్రం ఒకటి. పడవ కిందికి వచ్చిన ప్రతిసారీ ఆ చక్రం దాన్ని ఒరుసుకుని కొంచెం ముందుకు తోస్తుంది. ఊయలని కింద నిలబడి తోసే అన్నయ్య చేసే పని సరిగ్గా అదే. ఆపేటప్పుడూ అదే చక్రం. అందుకే ఎక్కగానే భయం వేయదు, నాలుగైదు ఊపుల తర్వాత వేస్తుంది. మధ్య వరసలో కూర్చున్నవాళ్ళకి పెద్దగా తెలియదు. అసలైన పరీక్ష చిట్టచివరి వరసలో. పడవ పైకొస దాకా పోయి ఒక్క క్షణం ఆగి కిందికి తిరిగేటప్పుడు ఒళ్ళు సీటు మీద నుంచి లేస్తుంది, పొట్టలో ఏదో జారిపోయినట్టుంటుంది. అప్పుడు ఎదురు వరసలో ముక్కూ మొహం తెలియనివాళ్ళు మన కళ్ళలోకి చూస్తూ అరుస్తుంటారు, మనం వాళ్ళని చూస్తూ అరుస్తాం. దిగేసరికి అందరం నవ్వుతుంటాం. ఢిల్లీలో కరోల్‌బాగ్ వాళ్ళూ, సీలంపూర్ వాళ్ళూ, సరోజినీ నగర్ మద్రాసీలమూ అలా ఎదురెదురుగా కూర్చుని నవ్వుకునే చోట్లు ఎక్కువ లేవు. అక్కడ మనల్ని వరంగల్ వాళ్ళైనా విజయవాడ వాళ్ళైనా మద్రాసీలనే అనేవారు, తెలిసిందే కదా.

సీట్ల మీదికి అడ్డంగా దించే ఇనప బార్‌ని ఒకటొకటిగా లాగి చూసే ఆపరేటర్ ఒకాయన నాకు ఇప్పటికీ గుర్తు. ఎంత పెద్ద లైనున్నా తొందరపడేవాడు కాదు. పిల్లలు ఉన్న వరసలో రెండోసారి లాగి చూసేవాడు. తర్వాత ఏ పార్కుకి వెళ్ళినా నేను మొదట చూసేది ఆ చేతులనే. రైడు ఎంత ఎత్తు, ఎంత స్పీడు అని బోర్డు మీద రాస్తారు. బార్ లాగి చూసే మనిషి ఎలాంటివాడో మనమే చూసుకోవాలి. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు లైన్లో ఉన్నప్పుడు ఫోన్ పక్కన పెట్టి రెండు నిమిషాలు ఆపరేటర్‌ని గమనించండి. అతను బార్‌ని చేత్తో లాగి చూడకుండా కళ్ళతోనే చూసి సరే అంటుంటే లైన్లోంచి బయటికి రండి.

డాషింగ్ కార్లలో తమ్ముడికి కారు కంటే పైకప్పే ఇష్టం. కారు వెనక నిలువుగా ఒక కడ్డీ, దాని కొస పైనున్న ఇనప జాలీకి ఒరుసుకుంటూ పోతుంది. కరెంటు పైనుంచి వస్తుంది, కింద ఇనప రేకుల నేలలోంచి తిరిగి పోతుంది. గుద్దుకున్నప్పుడల్లా పైన నీలం నిప్పురవ్వలు, ఒక రకం కాలిన వాసన. వాడు ఆ రవ్వల కోసమే మూలకి పోయి గుద్దేవాడు. తర్వాత ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాడు. కారణం ఆ పైకప్పేనని వాడే చెబుతాడు.

జాయింట్ వీల్‌కి జనాన్ని ఎక్కించే తీరు చూడటం కూడా నాకు సరదా. ఒక పెట్టెలో ఎక్కించి, పక్క పెట్టెలో కాకుండా చక్రాన్ని సగం తిప్పి ఎదుటి పెట్టెలో ఎక్కిస్తారు. ఒకవైపే బరువు పడితే మోటారు మీద భారం, చక్రం వాలిపోతుంది. అలా ఎక్కిస్తున్నంతసేపూ మొదట ఎక్కినవాళ్ళు పైన ఆగి ఉంటారు. ఆ ఆగడమే అసలు రైడు. పడమర సుప్రీంకోర్టు గుమ్మటం, దాని వెనక ఇండియా గేట్ చెట్లు. దక్షిణాన పురానా ఖిలా గోడ. తూర్పున ఇంద్రప్రస్థ కరెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు, వాటి అవతల యమున. ఆ మధ్యలో న్యూఢిల్లీ నుంచి నిజాముద్దీన్ వైపు పోయే రైలు పట్టాలు.

మా అమ్మమ్మ ఒకసారి హన్మకొండ నుంచి వచ్చి నెల రోజులుంది. కుతుబ్ మినార్, ఎర్రకోట, బిర్లా మందిర్ అన్నీ చూపించాం. దేనికీ పెద్దగా కదలలేదు. అప్పూ ఘర్‌లో బాపు మాట వరసకి అడిగాడు, “ఎక్కుతవా అత్తమ్మా?” ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని పెట్టెలో కూర్చుంది. నేను పక్కన. పైకి పోయి ఆగాం. నాకు ఆమె చెయ్యి పట్టుకోవాలని ఉంది, ఆమె మాత్రం రెండు చేతులూ వొళ్ళో పెట్టుకుని నెమ్మదిగా నాలుగు దిక్కులూ చూస్తోంది. సాయంత్రం వేళ. పట్టాల మీద ఒక పొడుగాటి రైలు మెల్లగా బయలుదేరి దక్షిణం వైపు పోతోంది. అమ్మమ్మ గభాలున ముందుకి వంగింది. “అగో, మన బండి! మన కాజీపేట బండి పోతాంది బిడ్డా!” అది ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్. 1976 నుంచి ఢిల్లీ తెలుగువాళ్ళకి సొంతూరితో ఉన్న పెద్ద బంధం ఆ బండే, ఇప్పుడు తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అంటున్నాం. పెట్టె కిందికి దిగేదాకా ఆమె ఆ బండి వైపే చూసింది. ఇంటికొచ్చాక కుతుబ్ మినార్ ఊసెత్తలేదు, ఉత్తరంలో మాత్రం మామయ్యకి రాయించింది, “ఆకాశంల కూసుండి మన బండి జూసిన” అని.

కాలేజీ రోజులకి, అంటే 1990ల మధ్యకి, పార్కు మీద నా మోజు కొంచెం తగ్గింది. ప్రగతి మైదాన్‌లోనే శాకుంతలం థియేటర్ ఉండేది, టికెట్ చవక, స్టూడెంట్లతో నిండిపోయేది. 1992లో అక్కడికి దగ్గరలో నేషనల్ సైన్స్ సెంటర్ తెరిచారు. స్కూళ్ళ బస్సులు పొద్దున అక్కడా, మధ్యాహ్నం జూలోనూ, సాయంత్రం అప్పూ ఘర్‌లోనూ ఆగేవి. ఆడపిల్లలం నలుగురైదుగురం కలిసి వెళ్తే చీకటి పడ్డాక కూడా ధైర్యంగా ఉండగలిగిన చోట్లలో అది ఒకటి. చుట్టూ కుటుంబాలు, లైట్లు, బయటికి రాగానే బస్టాపు. ఢిల్లీ గురించి తెలిసిన ఆడవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది.

మా అబ్బాయి పుట్టాక మళ్ళీ మొదలైంది. 2006 నవంబరులో మెట్రో బ్లూ లైన్ ఇంద్రప్రస్థ దాకా వచ్చింది, ప్రగతి మైదాన్ అనే స్టేషన్ తెరిచారు. ద్వారకలో ఉండే మాకు ఇక బస్సు బాధ లేదు, ఒకే రైలు. స్టేషన్ దిగి పార్కుకి నడిచి పోవచ్చు. ఊరి ఏ కొస నుంచైనా పిల్లలు హాయిగా చేరగలిగే రోజులు వచ్చాయనుకున్నాం. ఏడాదిన్నర కూడా తిరక్కుండా పార్కు మూసేశారు.

కారణం దాపరికమేం కాదు. ఆ భూమి ప్రభుత్వానిది, కౌలుకి ఇచ్చింది. ఎదురుగా ఉన్న సుప్రీంకోర్టుకి జాగా చాలడం లేదు, విస్తరణకి ఆ భూమి కేటాయించారు. 1950లో కోర్టు మొదలైనప్పుడు న్యాయమూర్తులు 8 మంది, 2019లో మంజూరైన సంఖ్య 34కి చేరింది. ఫైళ్ళు, లాయర్ల చాంబర్లు, కక్షిదారులు, అన్నీ అదే లెక్కన పెరిగాయి. అది అబద్ధపు అవసరం కాదని నాకు తెలుసు. నాకు బాధ అనిపించేది వేరే. కోర్టుకి ఊరి నడుమ భూమి కావాలన్న మాట అందరూ ఒప్పుకున్నారు. పిల్లలకి కూడా ఊరి నడుమే కావాలని ఎవరూ గట్టిగా అడగలేదు. ఆ పార్కుకి బదులు అదే దూరంలో, అదే టికెట్‌తో ఇంకో చోటు చూపించి ఉంటే ఈ రివ్యూ ఇంత పొడుగు అయ్యేది కాదు.

ఆఖరి రోజు ఆదివారం. మేమూ వెళ్ళాం. జనం విపరీతం. నా వయసువాళ్ళు పిల్లల్ని తెచ్చి “ఇదిగో, నేను నీ అంత ఉన్నప్పుడు ఇది ఎక్కాను” అని చూపిస్తున్నారు. మా అబ్బాయికి అవేమీ పట్టలేదు, చిన్న రైలు ఎక్కాడు, దిగనన్నాడు. నేను కొలంబస్ చివరి వరసలో కూర్చున్నాను. బార్ లాగి చూసింది కొత్త కుర్రాడు. గట్టిగానే లాగాడు.

తర్వాతి సంగతులు పేపర్లో చదివినవే. 12.19 ఎకరాల్లో, సుమారు 885 కోట్ల ఖర్చుతో సుప్రీంకోర్టు అదనపు భవనాల సముదాయం కట్టారు. 2019 జులై 17న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. పాత కోర్టు నుంచి మథురా రోడ్డు కింద సొరంగ మార్గం ఉంది. మెట్రో స్టేషన్ పేరు కూడా ప్రగతి మైదాన్ పోయి సుప్రీంకోర్టు అయింది. పక్కనున్న ప్రగతి మైదాన్ కూడా పాతది మిగల్లేదు. 1972 వాణిజ్య ప్రదర్శన కోసం రాజ్ రేవాల్, మహేంద్ర రాజ్ కట్టిన హాల్ ఆఫ్ నేషన్స్‌ని 2017 ఏప్రిల్‌లో కూలగొట్టారు. ఆ చోట వచ్చిన భారత్ మండపం 2023 జులైలో తెరుచుకుంది, ఆ సెప్టెంబర్‌లో జీ20 సమావేశం అక్కడే జరిగింది. తెలిసిన తెలుగు లాయరు గారి పని మీద ఒకసారి కోర్టు కొత్త భవనంలోకి వెళ్ళాను. శుభ్రంగా, వెడల్పుగా, బాగుంది. ఇక్కడ ఒకప్పుడు అప్పూ ఘర్ ఉండేదని చెప్పే రాతి పలక ఒకటి ఉంటుందేమోనని తిరిగిన మేరా వెతికాను. నా కంటికి ఆనలేదు. ఒక చిన్న పలక, మీద ఆ ఏనుగు పిల్ల బొమ్మ పెట్టడానికి కోర్టువారికి పెద్ద ఖర్చు కాదు. పెడితే బాగుంటుంది.

అదే పేరు తర్వాత గురుగ్రామ్‌కి వెళ్ళింది, 2014లో సెక్టార్ 29లో ఆయిస్టర్స్ అనే నీళ్ళ పార్కు వచ్చింది. రోహిణిలో రిఠాలా మెట్రో దగ్గర అడ్వెంచర్ ఐలాండ్ ఉంది. వాటిని పాతదానితో పోల్చి తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, వేరే కాలం, వేరే జనం. మాలాంటి ఇంటికి అవి ఏడాదికి ఒకసారి ప్లాన్ వేసుకుని, డబ్బు దాచుకుని వెళ్ళే చోట్లు. అప్పూ ఘర్‌కి మేము ఆఫీసు నుంచి బాపు తొందరగా వచ్చిన రోజున, అనుకోకుండా వెళ్ళేవాళ్ళం.

ఇప్పుడు పిల్లలతో ఢిల్లీ వెళ్ళే మనవాళ్ళు అక్కడ ఏముందని అడుగుతుంటారు, వాళ్ళ కోసం ఈ చివరి మాటలు. సుప్రీంకోర్టు మెట్రో స్టేషన్‌లో దిగండి, భైరోన్ మార్గ్ వైపు ఆటో తీసుకోండి. సైన్స్ సెంటర్‌లో పిల్లలు చేత్తో ముట్టుకుని చూసే పరికరాలుంటాయి, అక్కడ రెండు గంటలు పడుతుంది. దగ్గర్లోనే క్రాఫ్ట్స్ మ్యూజియం, మట్టి ఇళ్ళూ చెట్లూ ఉన్న నెమ్మదైన చోటు, ముసలివాళ్ళు కూర్చోవచ్చు. అది సోమవారం మూసి ఉంటుంది. జూ శుక్రవారం మూసి ఉంటుంది. మిగతా రోజుల్లో రెండూ ఒకే రోజు కుదురుతాయి, జూకి పొద్దున వెళ్ళండి, జంతువులు అప్పుడే చురుగ్గా ఉంటాయి.